అప్పు లేని తీసివేత

పీణ్యా రెండో స్టేజి.
లేతు మిషన్ల రొద దాటి గొంతెత్తాలి
నాలుగో తరగతికి లెక్కలు చెప్పాలంటే.
సర్కారీ కన్నడ బడి. నా ఇంటి మాట తెలుగు.
ముళబాగిలు వైపు మాకిదేం వింత కాదు,
అమ్మతో ఒకటి, బస్సు కండక్టరుతో ఒకటి.

హాజరు పట్టీలో మాతృభాషకో గడి ఉంది.
నలభై ఒక్కమందిలో పదకొండుమందికి
"ఇతర" అని రాసి వెళ్ళాడు నాకు ముందున్న మాస్టారు.
కొట్టేసి మళ్ళీ అడిగాను.
బిపనా లేచి నిలబడి,
ఇంట్లో మాట్లాడేదా, నాన్న గేటు దగ్గర మాట్లాడేదా, అంది.
గడి చిన్నది. రెండూ ఇరికించాను.

నారాయణపేట భీమేశు
కన్నడ అక్షరాలకి తెలుగు తలకట్లు పెడతాడు.
ఎర్ర పెన్ను సగం దూరం వెళ్ళి ఆగుతుంది.
తప్పే.
కానీ మా అవ్వ పాలపద్దు రాసుకున్న తప్పు అది.
చుట్టూ సున్నా చుట్టను,
పక్కన సరైనది రాసి ఊరుకుంటాను.

ఆ రోజు గుడ్డు పెట్టే రోజు,
అందరి ధ్యాసా వంటగది మీదే.
బోర్డు మీద యాభై రెండులోంచి ముప్పై ఏడు.
"రెండులోంచి ఏడు పోదు కదా,
పక్కింటి అయిదు దగ్గర ఒకటి సాల తెచ్చుకో."
పాతికేళ్ళుగా ఇదే మాట నాది,
నాకు చెప్పిన టీచరుదీ ఇదే.

లఖీంద్ర పెన్సిలు కింద పెట్టాడు.
బొలాంగీర్ నుంచి ఇటుక బట్టీకి,
బట్టీ నుంచి ఇక్కడి పునాదులకి వచ్చినవాడు.
వాడికొచ్చిన కన్నడ మాటలు నలభై ఉంటాయేమో,
అందులో సాల ఒకటని నాకేం తెలుసు.
"సాల బేడ, మిస్" అన్నాడు,
మెల్లగా, ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషికి చెప్పినట్టు.

ఎవరూ నవ్వలేదు. అదే నన్ను పట్టుకుంది.
భీమేశు తెలుగులో అందుకున్నాడు:
"అప్పు దెస్తే మేస్త్రి ఇంటికొస్తడు టీచరమ్మా,
అయిదు గూడ ఊకెనే ఇయ్యదు."
నజ్మీన్ తల ఊపింది, అర్థం కాకుండానే.
లేదా, అయ్యే.

చాక్‌పీసు కాసేపు వేళ్ళ మధ్య పొడి అయింది.
నిజమే, అయిదుకి ఆ ఒకటి తిరిగి ఎప్పుడిస్తాం?
ఎప్పుడూ ఇవ్వం.
అప్పు అని పేరు పెట్టి
ఎగ్గొట్టడం నేర్పుతున్నానన్నమాట ఇన్నేళ్ళూ.

పర్సులోంచి పది నోటు తీసి
గేటవతల టీ బండికి నజ్మీన్‌ని పంపాను, చిల్లరకి.
పది రూపాయి బిళ్ళలు బల్ల మీద గలగల.
"పది ఎక్కడికీ పోలేదు. విప్పాం, అంతే."
విప్పడమంటే? బిపనా జడ రిబ్బను కొస లాగి
ఇలాగా అని చూపించింది.
ఇలాగే.

ఉన్న రెండుకి గుర్తుగా రెండు చింతగింజలు కలిపి
లఖీంద్ర ఏడింటిని పక్కకి జరిపాడు.
నాలుగు పదుల్లోంచి మూడు పదులు తీసేశాడు.
"పందర" అన్నాడు.
అంటే పదిహేనే అయుండాలి, వాడి మొహం చూస్తే.

బిళ్ళలు తిరిగి లెక్కపెడితే తొమ్మిది.
నేను అడగలేదు.
అడగకపోవడం మంచితనమో బద్ధకమో,
అన్నం బెల్లు మోగింది ఈలోగా.

పరీక్షలకి పది రోజుల ముందు వాడు రావడం మానేశాడు.
బిల్డింగు అయిపోయిందట, రేకుల షెడ్లు పీకేశారట.
ఎక్కడికి పోయారు?
హొసూరంటాడు భీమేశు, కాదంటే హొస్కోటె,
వాడికి రెండూ ఒకటే ఊరు.
టీసీ అడగడానికి ఎవరూ రాలేదు.
నలభై ఒకటిలోంచి ఒకటి,
దీనికి ఏ పదీ విప్పక్కర్లేదు.

పేరు కొట్టేయమని హెడ్‌మిస్ రెండుసార్లు అడిగింది.
రేపు, రేపు అంటున్నాను.
మాతృభాష గడిలో వాడికి ఒడియా అని ఉంది నా చేతిరాతలో.
ఆ రోజు వాడు చెప్పింది అది కాదు, సంబల్‌పురి.
పొడుగు పేరు, గడిలో పట్టదనుకున్నాను.

ఇవాళ చిన్న అక్షరాలతో రాశాను.
పట్టింది.